ఏడో కట్ట

జూన్ 9, ఆదివారం

ఇవాళ ఇంగ్లీషు నవల కుట్టు విప్పాను. బాలవ్వ మెస్‌లో అందరూ తిని లేచాక బల్ల తుడిచి, బ్లేడుతో దారాలు ఒక్కొక్కటే కోశాను. పద్నాలుగు కట్టలు వచ్చాయి. కట్టకు పదహారు పేజీలు. పుస్తకం ఒకటి, చదివేవాళ్లం ముగ్గురం. వేరే దారి లేదు.

బాలవ్వ కూతురు సింధూజ కళ్లు మూసుకుంది. "అరే కాకా, పుస్తకాన్ని గిట్ల కోస్తరా ఎవరన్న? మా స్కూల్ల తెలిస్తే నా ఇంగ్లీష్ టీచర్ నౌకరీ పీకుతరు."

"మళ్ల అతుకుత బిడ్డా. పొద్దంత పోగులు అతికేదే నా పని."

ఇక్కడ సూరత్‌లో, భేస్తాన్‌లో పాత కాగితాల రద్దీ కొట్టులో తూకానికి కొన్నది నేను కాబట్టి ప్రతి కట్టా ముందు నాకు. తర్వాత నాతో నేసే శివకృష్ణకు, ఆ తర్వాత సింధూజకు. కాగితం మీద నియమం కూడా రాశాను. కట్ట పోగొట్టిన వాడు అందులో ఉన్నదంతా నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే వాడు ఆటలో లేడు. పుస్తకం గురించి ఇక నోరెత్తకూడదు. ముగ్గురం సంతకాలు పెట్టాం.

జూన్ 12

మొదటి కట్ట అయింది. డిక్షనరీలో నలభై ఆరు మాటలు వెతికాను.

నది మీద నావ నడిపే ఆడమనిషి. పేరు మార్గరీ. భర్త లేడు. మరిది ఎడ్విన్ అక్కడ వంతెన కట్టించాలని తిరుగుతున్నాడు. వంతెన వస్తే నావ పని అయిపోయినట్టే. పదహారు పేజీల్లో జరిగింది ఇంతే. మిగతాదంతా నది, తాడు, బురద, ఆమె చేతులు. చేతుల గురించే రచయిత ఒక పేజీ రాశాడు. తాడు ఒరుసుకుని అరచేతిలో కాయలు కాస్తాయట, చలికాలంలో పగులుతాయట. ఇంగ్లీషు పుస్తకంలో అరచెయ్యి కాయలు కాసిన మనిషి ఉంటుందని నేననుకోలేదు. ఆ పేజీ రెండోసారి డిక్షనరీ లేకుండా చదివాను.

జూన్ 14

నాకూ శివకృష్ణకూ అవే ఎనిమిది సాంచాలు, అంటే మరమగ్గాలు, రూములో అదే మంచం. నేను పగలు నేస్తే అతను రాత్రి నేస్తాడు, పదిహేను రోజులకు మారతాం. ఆదివారం సెలవు తప్పిస్తే కలిసేది షిఫ్టు మారే ఏడు గంటలప్పుడు, పది నిమిషాలు. సాంచాలు ఆగవు కాబట్టి నోటితో మాట్లాడటం కుదరదు. పోగు తెగింది, కండె అయిపోయింది, సేటు వస్తున్నాడు, వీటన్నిటికీ చేతి గుర్తులు ఉన్నాయి. మార్గరీకి లేదు.

ఇవాళ శివకృష్ణ కనిపెట్టాడు. మార్గరీ అంటే రెండు పిడికిళ్లతో తాడు లాగడం. ఎడ్విన్ అంటే మీసం మెలెయ్యడం. పుస్తకంలో అతనికి మీసం ఉన్నట్టు లేదు. తాడు లాగి, మీసం మెలేసి, రెండు చూపుడు వేళ్లు పక్కపక్కన పెట్టి కళ్లెగరేశాడు. లేదని తల ఊపాను. ఉందని అతను మళ్లీ ఊపాడు. రెండు సాంచాల మధ్య నిలబడి తలలు ఊపుకుంటుంటే కండెలు అందించే గంగవ్వ వచ్చి నా చెవిలో అరిచింది. "ఎవలిదిరా లగ్గం?"

జూన్ 16, ఆదివారం

మెస్‌లో రెండున్నర గంటలు. బాలవ్వ రెండుసార్లు చాయ్ పోసింది, మూడోసారి గిన్నెలు చప్పుడు చేసింది.

గొడవ వాన గురించి. రెండో కట్టలో రెండు పేజీలు వానే. శివకృష్ణ డిగ్రీ రెండేళ్లు చదివాడు. "కాలేజీల మేం గైడ్లే చదివినం గానీ అసలు పుస్తకం గిదే ఫస్టు. గైడ్ల లెక్కన వాన అంటే దుఃఖం."

సింధూజ ఒప్పుకోలేదు. "వాన అంటే వానే! సూరత్‌ల వాన పడ్డప్పుడు ఎవడన్న ఏడ్చిండా? ట్రాఫిక్ జామ్ అయితది, బస్. కాకా, నువ్వు చెప్పు."

నేను చెప్పాను. వాన పడితే నీళ్లు ఎక్కువై నది నడిచి దాటలేరు, అందరూ నావే ఎక్కాలి. అందుకే ఆ రెండు పేజీల్లో మార్గరీ చూరు కింద నిలబడి వాన వంక చూస్తుంది. ఆమె వాన ఆగకూడదని కోరుకుంటోంది.

శివకృష్ణ అన్నాడు: "అన్నా, గిది గైడ్ల లేదు."

పదో తరగతితో ఆగినవాణ్ని నీ అభిప్రాయమేమిటని ఎవరూ అడగరు. ఇరవై మూడేళ్లుగా నన్ను అడిగినవి రెండే, ఎన్ని మీటర్లు, ఎప్పుడు ఇస్తావు. ఈ ఇద్దరూ అడుగుతున్నారు. చెప్పాక తిరిగి కొట్లాడుతున్నారు కూడా.

జూన్ 19

రాములు ఫోన్ చేశాడు. షిఫ్టులో ఉన్నాను.

జూన్ 20

రాములు మళ్లీ చేశాడు. అన్నం తింటున్నాను.

జూన్ 21

బాలవ్వ వడ్డిస్తూ అంది: "రాములు ఫోన్ జేస్తే ఎత్తుతలేవంట. వేళ్లు పోయినోడు, నంబర్ నొక్కుడే తిప్పలాయె. జర మాట్లాడరాదు?"

షిఫ్టులో ఉంటున్నానని చెప్పాను.

పోయిన అక్టోబరులో నా పక్క వరస సాంచాల మీద అతని చెయ్యి సాంచా తిప్పే పట్టాలో పడింది. రెండు వేళ్లు పోయాయి. ఊరికి వెళ్లిపోయాడు. అరిచాడట. సాంచాల మోతలో ఏమీ వినబడదు. ఆ రోజే అందరికీ చెప్పాను.

ఐదో కట్ట బ్రహ్మాండం. మార్గరీ, ఎడ్విన్ ఒకే బల్ల దగ్గర భోజనం చేస్తారు. ఉప్పు అందించమనడం తప్ప ఒక్క మాట ఉండదు. అయినా చదువుతుంటే నాకు చెమట పట్టింది.

జూన్ 27

పోయింది. ఏడో కట్ట పోయింది.

తిండి టైములో చదువుదామని షెడ్డుకు పట్టుకెళ్లి కిటికీ గూట్లో పెట్టాను. వచ్చేసరికి లేదు. గంగవ్వ దాంతో నూనె తుడిచింది. తుక్కు పోగుల సంచిలో దొరికింది, నల్లగా, ముద్దగా. ఒక్క పేజీ కూడా విడలేదు.

"కాగితమే గదరా, గట్ల మొకం పెడ్తవేంది?" అంది గంగవ్వ. ఆమెను ఏమీ అనలేదు. గూట్లో పెట్టింది నేను.

ఒక్క వాక్యం కూడా చదవలేదు.

జూన్ 28

ఎనిమిదో కట్ట చదివాను. ఎడ్విన్ అంత్యక్రియలతో మొదలవుతుంది. పొద్దున మంచులో అవతలి ఒడ్డు నుంచి నావ కోసం పిలిచాడట. నావ రాలేదు. నడిచి దాటబోయి మునిగిపోయాడు. ఆ పొద్దుట ఏం జరిగిందో అంతా ఏడో కట్టలోనే ఉండి ఉంటుంది. ఎంత పని జరిగింది.

శివకృష్ణ ఏడు వేళ్లు చూపించి చెయ్యి చాచాడు. పాడైంది, ఆదివారం నోటితో చెప్తానని సైగ చేశాను. ఎగిరి గంతేశాడు. కథ నా నోటితో వినడం ఇంకా బాగుంటుందని చెవిలో అరిచాడు.

జూన్ 30, ఆదివారం

చెప్పాను.

చదవలేదని చెబుదామనే వెళ్లాను. ఇద్దరూ కూర్చుని ఉన్నారు. బాలవ్వ కూడా గరిటె పక్కన పెట్టింది. "సోమలింగం కథ జెప్తడంట, ఆగుండ్రి," అంది తినేవాళ్లతో.

పొద్దున్నే మంచు అని మొదలుపెట్టాను. మార్గరీ నావ దగ్గర ఉంది. నావ తాడు పురి విడిపోతే సరిచేస్తోంది. అవతలి ఒడ్డు నుంచి పిలుపు వచ్చింది, పేరు పెట్టి. ఆమె తల ఎత్తింది. నావ తాడు విప్పింది. రెండో పిలుపు వచ్చింది. విప్పిన తాడు మళ్లీ కట్టింది. పురి సరిచేయడం పూర్తిచేసి, అప్పుడు నావ ఎక్కింది. వెళ్లేసరికి ఒడ్డున ఎవరూ లేరు.

ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. నోటికి వచ్చింది.

తర్వాత ముగ్గురూ ఒక్కసారే మొదలుపెట్టారు.

"ఖూనీ! సీదా ఖూనీ!" అని శివకృష్ణ బల్ల కొట్టాడు.

"ఖూనీ ఎట్లయితది? ఆమెకు సరిగ వినబడలేదేమో!" అంది సింధూజ.

"పేరు పెట్టి పిల్చిండని అన్న చెప్తుండు గద!"

"పేరు వినబడుడు వేరే, ఆపతుల ఉన్నడని తెల్సుడు వేరే," అంది బాలవ్వ. పుస్తకం గురించి ఆమె మాట్లాడటం ఇదే మొదలు.

సాయంత్రం ఐదు వరకూ సాగింది. ఇంత మంచి ఆదివారం ఈ ఊళ్లో నాకు ఇంకొకటి గుర్తు లేదు.

జూలై 3

షిఫ్టు మారేటప్పుడు శివకృష్ణ తాడు లాగి, చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. విన్నదా? నేను చెయ్యి అటూ ఇటూ తిప్పాను. ఏమో.

జూలై 7, ఆదివారం

సింధూజ పరీక్ష పెట్టింది. భేస్తాన్ ఖాడీకి, ఆ మురికి కాలువకు, ఈ ఒడ్డున మేమిద్దరం. ఆ ఒడ్డున శివకృష్ణ. వానలకు నిండుగా పారుతోంది. అతను రెండు చేతులూ నోటికి పెట్టుకుని "మార్గరీ! ఓ మార్గరీ!" అని పిలిచాడు. స్పష్టంగా వినబడింది. ఇరవై మంది పోగయ్యారు. కూరగాయల బండి ముసలాయన పిల్ల తప్పిపోయిందనుకుని, ఎన్నేళ్లది, ఏ రంగు గౌను అని అడిగి తనూ వెతకడం మొదలుపెట్టాడు. సింధూజకు నవ్వాగక రోడ్డు మీదే కూర్చుంది.

"సాబిత్ అయింది కాకా. నీళ్ల మీద గొంతు సాఫ్‌గ వస్తది. ఆమె విన్నది."

నీళ్ల మీద వేరు. సాంచాల మధ్య వేరు. సాంచాల గురించి ఎవరూ అడగలేదు, ఊరికే రాస్తున్నాను.

జూలై 11

సింధూజ ఒక వార్త చెప్పింది. ఆన్‌లైన్‌లో ఈ పుస్తకమే పాత కాపీ దొరికిందట. ఆర్డరు పెట్టేసింది. "నువ్వు కొన్న పుస్తకం కాకా, ఒక కట్ట లేకుంట ఎట్లుంటది? నీకే ఇస్త. పూరా బుక్."

మంచిదన్నాను.

జూలై 13

ఢిల్లీ దాటిందట. ఫోన్‌లో చూపిస్తోంది.

జూలై 15

వడోదర. ఇవాళ భారీ వాన, హైవే మీద లారీలు ఆగాయని టీవీలో చెప్పారు. పుస్తకం రాకూడదని నేనేమీ అనుకోలేదు. వానలో తడుస్తుందేమో అనుకున్నాను, అంతే.

పదకొండో కట్ట మధ్యలో ఆపాను. తలకెక్కడం లేదు.

జూలై 18

రాములు ఫోన్. ఎత్తలేదు.

జూలై 20

వచ్చింది. రేపు డుమస్ వెళ్లి సముద్రం ఒడ్డున ఏడో కట్ట పైకి చదువుకుందామని వాళ్లిద్దరి ప్లాను. తాడు కట్టిన చోటు అసలు రచయిత ఎట్లా రాశాడో వినాలట.

ఒంట్లో బాగోలేదని చెప్పొచ్చు. రేపు కాకపోతే ఎల్లుండి చదువుతారు.

జూలై 21, ఆదివారం

వెళ్లాను.

టమాటా భజియా బండి పక్కన ప్లాస్టిక్ కుర్చీలు. సింధూజ చదువుతూ, కష్టమైన చోట తెలుగులో చెబుతూ పోయింది. మొదటి వాక్యం నుంచీ పెళ్లి. పక్క ఊళ్లో ఎవరిదో పెళ్లి, ఊరంతా అక్కడికే. కేకు, పెళ్లికూతురు మేనత్త, కుంటి గుర్రం, పాటలు. పదహారు పేజీలూ పెళ్లే. చివర ఒకడు పరుగెత్తుకొచ్చి ఎడ్విన్ శవం దొరికిందంటాడు. మార్గరీ పేరు కూడా లేదు.

"తాడేది?" అన్నాడు శివకృష్ణ. పుస్తకం లాక్కుని వెనక్కీ ముందుకీ తిప్పాడు. "అన్నా, తాడు ఏ పేజీల ఉండె?"

అచ్చు వేరేమో అనొచ్చు. నాలుక దాకా వచ్చింది కూడా.

"ఏ పేజీల లేదు. నేను చదువలే. చదువకముందే గంగవ్వ దాంతోని నూనె తుడిచింది. తాడు నేను కట్టిన."

సింధూజ మొహం ఎర్రబడింది. "మూడు వారాలు కాకా! ఖాడీ కాడ నిలవడి ఒర్రినం! గా తాడు కోసం మా స్కూల్ల పద్మారాణి మేడంతోని మాటలు బంద్ అయినయి నాకు! నీ అభిప్రాయమని చెప్తే ఏం పోతుండె? పుస్తకంల ఉందని ఎందుకు చెప్పినవ్?"

"చదువలేదంటే ఆటల నుంచి పోత గదా."

ఆమె లేచి నాలుగడుగులు వేసి, మళ్లీ వచ్చి కూర్చుంది. శివకృష్ణకు కోపం రాలేదు. నన్నే చూస్తూ అడిగాడు: "గది కాదన్నా. విప్పుడు, మళ్ల కట్టుడు. గది అల్లినట్టు లేదు. నీకెట్ల ఎరుక?"

భజియా చల్లారింది. అయినా ఒకటి తిన్నాను. తర్వాత చెప్పాను. రాములు పిలిచాడు. పేరు పెట్టి, రెండుసార్లు. నాకు పోగు తెగి ఉంది. మొదటి పిలుపుకు తల తిప్పాను. ఖైనీకి పిలుస్తున్నాడనుకున్నాను, రోజూ పిలిచేవాడే. అతికి పోదామనుకున్నాను. రెండో పిలుపు వేరుగా ఉంది. అప్పటికి పోగు వేళ్ల మధ్య ఉంది. అతికాను. అప్పుడు వెళ్లాను.

పోగు అతకడానికి ఎంత సేపు పడుతుందో శివకృష్ణకు తెలుసు. ఎంత సేపని అతను అడగలేదు.

వాన మొదలైతే బండివాడు మా మీదికి ప్లాస్టిక్ పట్టా లాగాడు. కాసేపటికి సింధూజ అంది: "రూల్ అంటే రూల్ కాకా. నువ్వే రాసినవ్."

"అవును."

"పుస్తకం అయ్యేదాక నువ్వు మాట్లాడొద్దు. కానీ రావాలె. కూసోని వినాలె. గదే శిక్ష."

జూలై 22

రాములుకు నేనే ఫోన్ చేశాను. ఎత్తగానే చెప్పాను, మళ్లీ ధైర్యం చాలదని. "రాములూ, ఆ రోజు నువ్వు పిల్చింది నాకు వినబడ్డది."

"ఎరికే."

"ఎట్ల?"

"తల తిప్పినవ్ గదా. ఇటు జూసి మళ్ల పోగు దిక్కు తిరిగినవ్. నేను చూస్తనే ఉన్న."

వెనక బర్రె అరిచింది. ఆగమని దాన్ని తిట్టాడు.

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తే వేళ్లు మొలుస్తయా? కోపముండె. మస్తుండె. గిది చెప్దామనే ఫోన్ జేసిన మొదట్ల, బాగ తిడ్దామని. నువ్వు ఎత్తకపోతివి. ఇప్పుడు మూడు వేళ్లతోని పాలు పిండుడు నేర్చిన, టైం ఉంటలేదు." బర్రెను ఇంకోసారి అదిలించి, "ఏదో ఇంగ్లీష్ పుస్తకం చదువుతున్నరంట. శివకృష్ణ చెప్పిండు. ఏందది?"

మొదటి కట్ట నుంచి చెప్పాను. నది, తాడు, చేతులు, ఉప్పు, మంచు, పిలుపు. నేను అల్లింది నేను అల్లానని చెప్పే చెప్పాను. నలభై నిమిషాలు విన్నాడు. విన్నదా లేదా అని మేం మూడు వారాలుగా కొట్లాడుతున్నామని చెబితే నవ్వాడు.

"అందరు ఆమె దిక్కుకెళ్లే చూస్తున్నరు. ఆ ఒడ్డు మీదున్నోని సంగతి అడిగిండ్రా ఎవరన్న?"

"ఏం అడగాలె?"

"వానికి ఆమె కనబడ్డదా లేదా? కనబడకుంటే, వినలేదేమో అనుకొని నీళ్లల్ల దిగిండు. కనబడి ఉంటే లెక్క వేరే. గది జూసి చెప్పు నాకు."

ఫోన్ పెట్టేశాక కాసేపు రూములో అటూ ఇటూ తిరిగాను. మూడు వారాలు. ముగ్గురం. ఒక్కళ్లకూ తట్టలేదు.

జూలై 28, ఆదివారం

వెళ్లాను. బల్ల చివర కూర్చోబెట్టారు. కుట్టు విప్పిన నా పుస్తకం, విప్పని కొత్త కాపీ రెండూ బల్ల మీద ఉన్నాయి. శివకృష్ణ పన్నెండో కట్ట ఎత్తుకున్నాడు. సింధూజ నా వంక చూడకుండా నాకు చాయ్ జరిపింది.

గంటన్నర విన్నాను. ఇద్దరూ తప్పు దారిలో పోతున్నారు. నోరు తెరిచాను.

"ఆఁ!" అంది సింధూజ వేలు చూపిస్తూ.

బాలవ్వ వంటింట్లోంచి, "మాట్లాడనియ్యవే, పాపం, కడుపుబ్బి సచ్చేటట్టున్నడు," అంది.

"రూల్ అమ్మా!"

నోరు మూశాను. బల్ల మీద వేళ్లతో కొట్టాను. శివకృష్ణ తల ఎత్తాడు. మీసం మెలేశాను. నోటి దగ్గర రెండు చేతులు పెట్టాను. తాడు లాగాను. తర్వాత రెండు వేళ్లు నా కళ్ల దగ్గర పెట్టి, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు గీత గీసి, అరచెయ్యి తిప్పాను.

శివకృష్ణ అట్లాగే చూశాడు. "ఎడ్విన్ పిల్చిండు... పిల్చినప్పుడు... వానికి ఆమె కనబడ్డదా అంటుండు!"

"మాట్లాడొద్దని చెప్పిన గద!"

"మాట్లాడలే! చేతులు! రూల్ల చేతులు లేవు!"

"మంచు ఉండె గదా, ఎట్ల కనబడ్తది?" అంటూనే సింధూజ కొత్త కాపీ లాక్కుని ఏడో కట్ట భాగం తీసింది. పెళ్లికి పోయే కుంటి గుర్రంవాడు కొండ మీది నుంచి కిందికి చూసే చోటు. డుమస్‌లో మేం ముగ్గురం వర్ణనే కదా అని జారవిడిచిన వాక్యం. వేలు పెట్టి తెలుగులో చెప్పింది, మెల్లగా.

"ఆ పొద్దున మంచు నీళ్ల మీదనే ఉండె. నడుము ఎత్తు. ఒడ్లు రెండూ సాఫ్‌గ కనబడ్తుండె."

శివకృష్ణ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "చూసిండు! వాడు ఆమెను చూసిండు!"

"చూసి కూడ నీళ్లల్ల ఎందుకు దిగిండు మరి?" అని సింధూజ అరిచింది. అరిచి, ఇద్దరూ నా వైపు తిరిగారు.

నేను జేబులోంచి ఫోన్ తీసి, రాములు నంబరు నొక్కి, స్పీకరు పెట్టి బల్ల మధ్యలో ఉంచాను.

ఆ నియమం మీద అతను సంతకం పెట్టలేదు. అతను మాట్లాడొచ్చు.